1,800 ఫొటోలు, నాలుగు నోటుపుస్తకాలు: సొంత వెబ్‌సైటు ఎలా?

ప్రశ్న: ఆమదాలవలస దగ్గర హైస్కూల్లో సోషల్ మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాను. ఇరవై ఏళ్లుగా సెలవు దొరికితే చాలు వంశధార, నాగావళి ఒడ్ల వెంట తిరిగి గుళ్లు, శాసనాలు, స్తూపాలు ఫొటోలు తీస్తున్నాను. శ్రీముఖలింగం, శాలిహుండం, శ్రీకూర్మం, దన్నానపేట, తేలినీలాపురం పక్షులు, అన్నీ కలిపి 1,800 ఫొటోలు ఒక హార్డ్ డిస్కులో ఉన్నాయి. వివరాలు నాలుగు నోటుపుస్తకాల్లోనూ, డీటీపీ చేయించిన అను ఫాంట్ల ఫైళ్లలోనూ ఉన్నాయి. ఆరేళ్ల కిందట ఒక కంప్యూటర్ సెంటర్ కుర్రాడికి 12,000 రూపాయలిచ్చి వెబ్‌సైటు చేయించాను. రెండేళ్లు బాగానే నడిచింది. ఇప్పుడు ఆ అడ్రసు కొడితే పేకాట ప్రకటనలు వస్తున్నాయి. కుర్రాడు ఊళ్లో లేడు. మళ్లీ ఎవరికైనా డబ్బిచ్చి చేయించాలా, 66 ఏళ్ల నేను పాత ల్యాప్‌టాప్‌తో సొంతంగా చేసుకోగలనా? యూట్యూబు, వాట్సాప్ దాటితే ఇంటర్నెట్‌లో నాలాంటివాడికి పనికొచ్చేవి ఏమున్నాయి? ఇంకొక సంగతి. పొలాల్లో పడి ఉన్న విగ్రహాల ఫొటోలు కూడా నా దగ్గరున్నాయి. అవి పెట్టొచ్చా?

సమాధానం: మాస్టారూ, ఎవరికీ డబ్బివ్వకండి. మీరే చేసుకోగలరు. ఏటా పేరుకి అయ్యే వెయ్యి రూపాయల అటూ ఇటూ ఖర్చు తప్ప మీ సైటుకి ఇంకేమీ కట్టనక్కర్లేదు. కానీ అన్నింటికన్నా ముందు ఈ రోజే ఒక పని చెయ్యండి. ఆ హార్డ్ డిస్కులో ఉన్నదంతా ఇంకో డిస్కులోకి కాపీ చెయ్యండి. ఇరవై ఏళ్ల కష్టం ఒకే డిస్కులో ఉండడం, ఆ సైటు పోవడం కంటే పెద్ద ప్రమాదం. డిస్కు చెడిపోయే ముందు కబురు పంపదు. రెండో కాపీ అయ్యాక మూడోది మీ ఇంట్లో కాకుండా వేరే ఊళ్లో, కూతురి దగ్గరో తమ్ముడి దగ్గరో ఉంచండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానాన్ని ఎలా చేసిందో మీకు వేరే చెప్పక్కర్లేదు. ఒకే ఇంటి కప్పు కింద పది కాపీలున్నా ఆ కప్పు ఎగిరిపోతే అన్నీ ఒక్కసారే తడుస్తాయి.

ఇక పాత సైటు ఎందుకు పోయిందో చూద్దాం. వెబ్‌సైటులో మూడు వేరువేరు వస్తువులుంటాయి. పేరు, అంటే డొమైను. అది ఇంటి నంబరు లాంటిది, ఏటేటా కట్టి నిలబెట్టుకోవాలి. హోస్టింగు, అంటే ఫైళ్లు ఉండే చోటు. అది అద్దె ఇల్లు. మూడోది ఫైళ్లు, అవి మీ సామాను. ఆ కుర్రాడు ఈ మూడూ తన పేరున, తన ఈమెయిలు మీద తీసుకున్నాడు. గడువు వచ్చినప్పుడు రిమైండర్లు అతనికే వెళ్లాయి, మీకు కాదు. కట్టేవాళ్లు లేక పేరు ఖాళీ అయింది. అలా ఖాళీ అయిన పేర్లను కనిపెట్టి కొనుక్కునే వాళ్లుంటారు. పాత పేరుకి ఇతర సైట్ల నుంచి లింకులు, గూగుల్లో కాస్త గుర్తింపు ఉంటాయి కాబట్టి పేకాట ప్రకటనలకు పనికొస్తుందని కొంటారు. మీ విషయంలో జరిగింది సరిగ్గా ఇదే. ఆ పేరు మీకే తిరిగి అమ్ముతామని ఎవరైనా మెయిలు పెడితే జవాబివ్వకండి. అది వదిలేసి కొత్త పేరు తీసుకోండి. పాత లింకు ఎవరెవరి దగ్గరుందో వాళ్లకు మాత్రం కబురు పెట్టండి.

అయితే పాత పేజీలు పూర్తిగా పోయాయని అనుకోకండి. ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే లాభాపేక్ష లేని సంస్థ 1996 నుంచి ప్రపంచంలోని వెబ్ పేజీలను ఎప్పటికప్పుడు కాపీ తీసి దాస్తోంది. 2001 నుంచి ఆ కాపీలను వేబ్యాక్ మెషీన్ పేరుతో అందరికీ చూపిస్తోంది. అందులో మీ పాత అడ్రసు కొట్టండి. పైన సంవత్సరాలు, కింద క్యాలెండరు వస్తాయి. తేదీ మీద చుక్క ఉంటే ఆ రోజు కాపీ ఉన్నట్టు. పేకాటకు ముందరి ఏడాది ఎంచుకుని ఒక్కో పేజీ తెరిచి, అక్షరాలు కాపీ చేసి దాచుకోండి. ఫొటోలు కొన్ని రాకపోవచ్చు. అవి మీ డిస్కులో ఉన్నాయి కాబట్టి బెంగ లేదు. మీరు మళ్లీ టైపు చెయ్యక్కర్లేని పేజీలు అక్కడ ఎన్ని దొరికితే అంత లాభం.

కొత్త సైటు ఎలాంటిదో ఇప్పుడు తేల్చుకోవాలి. చాలామంది వర్డ్‌ప్రెస్ పెట్టమంటారు. అది చెడ్డది కాదు, కానీ దాని వెనక ఒక డేటాబేసు, ఒక ప్రోగ్రాము, నాలుగైదు ప్లగిన్లు నడుస్తూ ఉండాలి. వాటికి తరచూ అప్‌డేట్లు చెయ్యాలి. రెండు నెలలు పట్టించుకోకపోతే పాత ప్లగిన్‌లోని లోపం గుండా ఎవరో దూరతారు. మీకు కావలసింది అది కాదు. ఉత్త హెచ్‌టీఎంఎల్ ఫైళ్లతో చేసిన స్టాటిక్ సైటు చాలు. ఒక ఫోల్డరు, అందులో పేజీకొక ఫైలు, ఫొటోలకొక ఉప ఫోల్డరు. పదేళ్లు ముట్టుకోకపోయినా అది అలాగే తెరుచుకుంటుంది. హోస్టింగు కంపెనీ మూతపడితే అదే ఫోల్డరు ఎత్తి ఇంకోచోట పెడితే సరి. 1990ల్లో లక్షల మంది సొంత పేజీలు పెట్టుకున్న జియోసిటీస్‌ను 1999లో యాహూ కొన్నది, 2009లో మూసేసింది. ఫైళ్లు తమ దగ్గర దాచుకున్నవాళ్లు ఇంకోచోటికి మారారు. దాచుకోనివాళ్లు ఆర్కైవులో వెతుక్కున్నారు, మీరిప్పుడు వెతుక్కుంటున్నట్టే.

ఈ ఫైళ్లు రాయడానికి విండోస్‌లో ఉండే నోట్‌ప్యాడ్ సరిపోతుంది. హెచ్‌టీఎంఎల్‌లో మీకు అవసరమైన గుర్తులు పదీ పన్నెండు: శీర్షికకు, పేరాకు, ఫొటోకు, లింకుకు, పట్టికకు. వారం రోజుల్లో చేతికి వస్తాయి. ఇక్కడ తెలుగువాళ్లు పడే ఇబ్బందులు మాత్రం ప్రత్యేకమైనవి, వాటి మీదే ఎక్కువ చెప్పాలి.

మొదటిది ఎన్‌కోడింగు, అంటే అక్షరాలను ఫైల్లో దాచే పద్ధతి. ఫైలు సేవ్ చేసేటప్పుడు కింద ఎన్‌కోడింగు అనే చిన్న పెట్టె ఉంటుంది. అందులో యూటీఎఫ్-8 ఉండాలి. కొత్త విండోస్‌లో అదే ఉంటుంది. మీ పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ 7 ఉంటే ఆన్సీ అని ఉంటుంది. ఏదో హెచ్చరిక వస్తే చదవకుండా ఓకే కొట్టారంటే మీ తెలుగంతా ప్రశ్నార్థకాలుగా మారిపోతుంది. అలా మారినది తిరిగి రాదు. దీనితో కలిపేసి భయపడే ఇంకో తప్పుంది. బ్రౌజరులో తెలుగుకు బదులు నెత్తిన గీత ఉన్న ఇంగ్లిషు చిన్న ఏ అక్షరాలు, పక్కన డిగ్రీ గుర్తులు వరసగా కనిపిస్తే ఫైలు చెడలేదన్నమాట. పేజీ తలభాగంలో మెటా చార్‌సెట్ యూటీఎఫ్-8 అన్న వాక్యం రాయడం మరిచారు, అంతే. ఆ ఒక్క వరస చేరిస్తే తెలుగు వచ్చేస్తుంది. ప్రశ్నార్థకాలైతే నష్టం, గీతల ఏ అయితే మరుపు. ఈ తేడా గుర్తుంటే చాలా రాత్రుల నిద్ర మిగులుతుంది.

పేజీ మొదట్లో ఇంకో మూడు సంగతులు తప్పక ఉండాలి. పేజీ భాష తెలుగు అని చెప్పేది ఒకటి, దాన్ని తలభాగానికి పైనున్న హెచ్‌టీఎంఎల్ గుర్తులోనే రాయాలి. చూపులేనివాళ్లకు ఫోను చదివి వినిపించేటప్పుడు తెలుగు గొంతుతో చదవాలంటే ఇది కావాలి. వ్యూపోర్ట్ వరస ఒకటి. అది లేకపోతే ఫోనులో అక్షరాలు చీమల్లా కనిపిస్తాయి. మూడోది టైటిల్. టైటిల్లో శ్రీముఖలింగం అని తెలుగులో రాసి పక్కనే ఇంగ్లిషు అక్షరాల్లోనూ ఊరి పేరు రాయండి. మన పిల్లలు గూగుల్లో ఊరి పేర్లు ఇంగ్లిషు లిపిలోనే కొడతారు. తెలుగులో మాత్రమే ఉంటే మీ పేజీ వాళ్లకు ఎదురుపడదు.

రెండో ఇబ్బంది అను ఫైళ్లు. డీటీపీలో అను వాడినవి చూడ్డానికి తెలుగే కానీ లోపల యూనికోడ్, అంటే అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి, కాదు. ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కల బొమ్మలు కూర్చారు. కాపీ చేసి పేజీలో పెడితే చెత్త అక్షరాలు వస్తాయి. ఆ చిక్కుతో కొందరు పేజీని ఫొటో తీసి బొమ్మగా పెట్టేస్తారు. అలా చెయ్యకండి. బొమ్మలోని తెలుగును ఎవరూ వెతకలేరు, కాపీ చేసుకోలేరు, ఫోనులో పెద్దది చేసి చదవలేరు. అను నుంచి యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు నెట్‌లో ఉచితంగా ఉన్నాయి. మార్చాక అచ్చు కాపీ పక్కన పెట్టుకుని వరసవరసా సరిచూడండి. ఎక్కువగా తప్పేవి వత్తులు, ముఖ్యంగా క్రారవడి. తర్వాత ఱ, పాత అంకెలు, కొటేషన్ గుర్తులు. శాసన పాఠం ఉన్నచోట రెండుసార్లు చూడండి. అక్కడ ఒక్క వత్తు జారితే రాజు పేరే మారిపోతుంది.

నోటుపుస్తకాలకు ఇంత అవస్థ లేదు. చేతిరాతను ఫోను సరిగా చదవదు, కాబట్టి ఫొటో తీసి అక్షరాలు లాగే ప్రయత్నం మానండి. మీరే చదవండి. ఫోనులో తెలుగు కీబోర్డు పెట్టుకుని మైకు నొక్కి క్లాసులో పాఠం చెప్పినట్టు తాపీగా చదివితే మాటలు చాలా వరకు సరిగానే పడతాయి. కామాలు, ఫుల్‌స్టాపులు తర్వాత పెట్టుకోవాలి. అనంతవర్మ చోడగంగ లాంటి పేర్లు, సంస్కృత సమాసాలు దెబ్బతింటాయి. అవి చేత్తో దిద్దాలి. కంప్యూటరు మీద టైపు చెయ్యాలంటే లేఖిని అనే సైటు ఉంది. ఇంగ్లిషు అక్షరాలు కొడితే తెలుగు వస్తుంది.

పేజీ చూడ్డానికి ఎలా ఉండాలన్నదానిపై రెండు మాటలు. అక్షరం 18 పిక్సెళ్లు, వరసకీ వరసకీ మధ్య ఎత్తు 1.7 పెట్టండి. ఇంగ్లిషుకు సరిపోయే 1.4 మన వత్తులకు చాలదు. పై వరస వత్తు వచ్చి కింది వరస గుడిని తాకుతుంది. అక్షరాల మధ్య దూరం పెంచే లెటర్ స్పేసింగ్ ముట్టుకోకండి, అక్షరం వేరు గుణింతం వేరుగా విడిపోయి కనిపించవచ్చు. రెండు అంచులూ సమానంగా సర్దే జస్టిఫై కూడా వద్దు, తెలుగు మాటలు పొడుగు కాబట్టి ఫోనులో మధ్య మధ్య పెద్ద ఖాళీలు పడతాయి. ఫాంటు విషయంలో ఫోనులో ఉన్న తెలుగు ఫాంటే చాలు. శీర్షికకు మాత్రం అందమైనది కావాలనుకుంటే గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మండలి, సురన్న ఉచితంగా దొరుకుతాయి. మన ప్రాంతం వాళ్లకు ఇంకో మంచి సంగతి: అక్కడ గిడుగు అని ఒక ఫాంటు, గురజాడ అని ఇంకో ఫాంటు ఉన్నాయి. శాలిహుండాన్ని 1919లో వెలుగులోకి తెచ్చిన గిడుగు రామమూర్తి పేరున్న అక్షరాల్లో మీ శాలిహుండం పేజీ శీర్షిక ఉంటే బాగుంటుందని మా కోరిక.

ఫొటోలకు వద్దాం. ఇక్కడే చాలా సైట్లు మునిగిపోతాయి. మీ కెమెరా ఫొటో ఒక్కోటి 5 ఎంబీ అనుకుంటే 1,800 కలిసి 9 జీబీ. ఉచిత హోస్టింగులో పట్టదు. పట్టినా, పది ఫొటోలున్న పేజీ తెరవడానికి చదివేవాడి డేటా 50 ఎంబీ ఖర్చవుతుంది. ఊళ్లో సిగ్నలు సరిగా లేనివాడు మధ్యలోనే వెళ్లిపోతాడు. ప్రతి ఫొటోనూ వెడల్పు 1,400 పిక్సెళ్లకు తగ్గించి, జేపెగ్ నాణ్యత 75 దగ్గర సేవ్ చేస్తే సుమారు 200 కేబీ అవుతుంది. అప్పుడు మొత్తం 360 ఎంబీ. ఒక్కో ఫొటో చేస్తూ కూర్చోవద్దు. ఎక్స్ఎన్‌కన్వర్ట్ అనే ప్రోగ్రాములో ఫోల్డరంతా ఇచ్చి ఒకేసారి మార్చొచ్చు. మార్చినవి కొత్త ఫోల్డరులోకే పోవాలి. అసలు ఫొటోల మీదే సేవ్ చేశారంటే పెద్ద సైజు ఇక దొరకదు.

అదే మార్పిడిలో మెటాడేటా తీసెయ్యమనే టిక్కు ఒకటుంటుంది, అది పెట్టండి. ఫోనుతో తీసిన ఫొటోలో అక్షాంశ రేఖాంశాలు దాగి ఉంటాయి. అలాగే పెడితే ఇంటి దగ్గర తీసిన ఫొటో మీ ఇంటి చోటు చెప్పేస్తుంది. తీసిన తేదీ కూడా అందులోనే పోతుంది కాబట్టి ముందే ఫైలు పేరులో రాసుకోండి. పేరు పెట్టే పద్ధతి ఒకటే ఉండాలి: ఇంగ్లిషు చిన్న అక్షరాల్లో ఊరు, హైఫను, సంవత్సరం, నెల, హైఫను, వరస సంఖ్య. ఖాళీలు వద్దు, పెద్ద అక్షరాలు వద్దు, తెలుగు వద్దు. విండోస్‌కి పెద్ద జేపీజీ, చిన్న జేపీజీ ఒకటే. సర్వరుకు అవి రెండు వేరువేరు ఫైళ్లు. మీ ల్యాప్‌టాప్‌లో అన్ని ఫొటోలూ కనిపించి నెట్‌లోకి వెళ్లాక సగం మాయమైతే కారణం నూటికి తొంభై సార్లు ఇదే. మిగిలిన పది సార్లు ఫొటో దారిని సీ డ్రైవు నుంచి మొదలుపెట్టి రాసి ఉంటారు. మీ సీ డ్రైవు ఊళ్లోవాళ్ల ఫోనుల్లో ఉండదు. పేజీ ఉన్న చోటు నుంచి మాత్రమే దారి రాయాలి. పేజీ పేర్లు తెలుగులో వద్దనడానికి కారణం వేరు. అలాంటి లింకును కాపీ చేసి వాట్సాప్‌లో పంపితే ఒక్కో తెలుగు అక్షరం శాతం గుర్తులతో కలిపి తొమ్మిది ఇంగ్లిషు గుర్తులుగా మారవచ్చు. శ్రీముఖలింగం అన్న ఒక్క మాటే మూడు నాలుగు వరసలవుతుంది, చూసినవాళ్లు వైరస్ అనుకుంటారు.

ప్రతి ఫొటో కింద మీరు రాసే నాలుగు మాటలే ఈ సైటుకి ప్రాణం. శ్రీముఖలింగం గుడి ఫొటోలు నెట్‌లో వేలకు వేలు. ‘అందమైన శిల్పం’ అని రాస్తే మీది వేలల్లో ఇంకొకటి. అలా కాక, ‘సోమేశ్వరాలయం, దక్షిణపు గోడ, బయటివైపు. ఉదయం 8 గంటలకు తీసినది. కుడిచేతి వేళ్లు విరిగి ఉన్నాయి’ అని రాసి తేదీ వేస్తే రేపు ఆ గోడకు ఏమైనా జరిగినప్పుడు మీ ఫొటో సాక్ష్యం అవుతుంది. ఒకే శిల్పానికి పదేళ్ల తేడాతో తీసినవి రెండు ఉంటే పక్కపక్కన పెట్టండి. ఇరవై ఏళ్లు తిరిగినవాళ్ల దగ్గర తప్ప ఇంకెక్కడా ఇది దొరకదు. ఏ వైపు నుంచి తీశారో తెలియకపోతే తెలియదని రాయండి, ఊహించి రాయకండి.

ఇప్పుడు పైకి ఎక్కించడం. ఉచిత హోస్టింగు ఇచ్చే గిట్‌హబ్ పేజెస్ మీకు సరిపోతుంది. సైటు 1 జీబీ దాకా ఉచితం, సొంత పేరు తగిలించుకోవడమూ ఉచితమే. ఖాతా తెరిచి, కొత్త రిపాజిటరీ, అంటే అక్కడ మీ ఫైళ్లుండే ఫోల్డరు, పెట్టండి. దాని పేరు మీ ఖాతా పేరు, చుక్క, గిట్‌హబ్, చుక్క, ఐఓ అని ఉండాలి. అది పబ్లిక్‌గా ఉండాలి. అందులో అప్‌లోడ్ ఫైల్స్ నొక్కి ఫోల్డరు లాగి వదలండి. బ్రౌజరు నుంచి ఒక విడతకు 100 ఫైళ్లే తీసుకుంటుంది, అందుకని ఫొటోలను ఊరివారీగా వందకు మించని విడతలుగా పంపండి. సెట్టింగ్స్‌లో పేజెస్ దగ్గర మెయిన్ బ్రాంచి ఎంచుకుంటే పది నిమిషాల్లోపు సైటు కనిపిస్తుంది. మొదటి పేజీ ఫైలు పేరు ఇండెక్స్ డాట్ హెచ్‌టీఎంఎల్ అయి ఉండాలి. నాలుగు వందల నాలుగు అనే తప్పు వస్తే నోట్‌ప్యాడ్ దాని చివర కనిపించకుండా డాట్ టీఎక్స్‌టీ తగిలించిందేమో చూడండి. ఎక్స్‌ప్లోరరులో ఎక్స్‌టెన్షన్లు చూపించమంటే బయటపడుతుంది. గిట్‌హబ్ రెండంచెల లాగిన్ అడుగుతుంది. అప్పుడిచ్చే రికవరీ కోడ్లు ప్రింటు తీసి ఇంటి పత్రాల ఫైల్లో పెట్టండి. ఫోను పోయిన రోజున మిమ్మల్ని లోపలికి పంపేవి అవే.

ఇదంతా సొంత పేరు లేకుండానే ఒక నెల నడపండి. పది పేజీలైనా నిలిచాక పేరు కొనండి. మీ ఈమెయిలు, మీ ఫోను, మీ కార్డు, ఇంకెవరివీ వద్దు. మొదటి ఏడాది తక్కువకు ఇస్తామనే ప్రకటన చూడకండి, రెండో ఏడాది రెన్యూవల్ ఎంతో చూడండి. డాట్ ఇన్ గానీ డాట్ కామ్ గానీ తీసుకోండి. తెలుగు అక్షరాల్లో డాట్ భారత్ పేర్లు కూడా ఉన్నాయి, చూడ్డానికి మనసవుతుంది. కానీ చాలా ఫారాలు, మెయిలు ప్రోగ్రాములు వాటిని ఇంకా ఒప్పుకోవు. రెండో పేరుగా తీసుకుంటే తీసుకోండి. కొన్నాక వచ్చే ధ్రువీకరణ మెయిలును వెంటనే నొక్కాలి. డాట్ కామ్ లాంటివాటికి 15 రోజుల్లో నొక్కకపోతే పేరు ఆపేస్తారు. కొన్న వారం రోజుల నుంచే గూగుల్లో మొదటి పేజీకి తెస్తామని ఫోన్లు రావొచ్చు. పెట్టెయ్యండి.

పేరును గిట్‌హబ్ సెట్టింగ్స్‌లో ముందు రాసి, తర్వాతే పేరు కొన్నచోట డీఎన్ఎస్, అంటే ఆ పేరు ఏ సర్వరుకు తీసుకెళ్లాలో చెప్పే పట్టిక, మార్చాలి. అక్కడ నాలుగు ‘ఏ’ రికార్డులు పెట్టాలి: 185.199.108.153, మిగిలిన మూడింటిలో 108కి బదులు 109, 110, 111. డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూకి ఒక సీనేమ్ రికార్డు. ప్రపంచమంతా తెలియడానికి ఒక రోజు పట్టొచ్చు, సురక్షితం కాదన్న హెచ్చరిక పోవడానికి ఇంకో రోజు. ఆ లోపు ఓపిక పట్టలేక రికార్డులు మళ్లీ మళ్లీ మార్చితే ఇంకా ఆలస్యం. తర్వాత మీ రిపాజిటరీలో సీనేమ్ అనే చిన్న ఫైలు కనిపిస్తుంది. శుభ్రం చేస్తూ దాన్ని తుడిచేశారంటే సైటు మీ పేరున తెరుచుకోవడం ఆగిపోతుంది.

రెన్యూవల్ కార్డు నుంచి దానంతట అదే పోతుందని నమ్మకండి, మన బ్యాంకుల అనుమతుల దగ్గర తరచూ ఆగుతుంది. చేతిలో డబ్బున్నప్పుడు ఒకేసారి ఐదేళ్లకు కట్టండి; గరిష్ఠం పదేళ్లు. ఏటా రథసప్తమికి అరసవల్లి వెళ్లి వచ్చాక గడువు తేదీ ఒకసారి చూసుకోవడం అలవాటు చేసుకుంటే మరిచే అవకాశమే ఉండదు. పాస్‌వర్డులు, గడువు, ఏది ఎక్కడుందో ఒక కాగితం మీద రాసి మీ తర్వాత చూసుకునేవాళ్లకు చూపించండి. కొత్త పేజీ పెట్టిన రోజునే వేబ్యాక్ మెషీన్‌లో సేవ్ పేజ్ నౌ పెట్టెలో ఆ అడ్రసు కొడితే అక్కడ ఒక కాపీ చేరుతుంది. ఈసారి ఏదైనా జరిగినా వెతుక్కునే పని ఉండదు.

ఇంటర్నెట్‌లో ఇంకేమున్నాయన్న ప్రశ్నకు ఒక పాత మాటతో మొదలుపెడతాం. శ్రీకాకుళం అని వెతికితే మీకు గత పాతికేళ్ల సమాచారం వస్తుంది. ఇంగ్లిషులో సీ, హెచ్, ఐ, సీ, ఏ, సీ, ఓ, ఎల్, ఈ అని చికాకోల్ కొట్టి చూడండి. కంపెనీ కాలం నుంచి దొరలు ఆ స్పెల్లింగే రాశారు. విజయనగరాన్ని జీకి, ఆర్‌కి మధ్య ఏ లేకుండా విజియనగ్రమ్ అన్నారు. కళింగపట్నం కలింగపటమ్ అయింది, భీమిలి బిమ్లిపటమ్ అయింది, పాలకొండలో కే బదులు సీ పడింది. జిల్లాలూ వేరు. శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం జిల్లా 1979లో ఏర్పడ్డాయి. 1936కు ముందటి పుస్తకాల్లో చికాకోల్, టెక్కలి గంజాం జిల్లాలో ఉంటాయి. పాలకొండ, బొబ్బిలి, పార్వతీపురం విశాఖపట్నం జిల్లాలో. కాబట్టి మాల్ట్‌బీ 1882 గంజాం మాన్యువల్, ఫ్రాన్సిస్ 1907 విశాఖపట్నం గెజెటీరు, రెండూ మీకు కావాలి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఇలాంటి పాత పుస్తకాలు పీడీఎఫ్‌గా ఉన్నాయి. అక్కడే దక్షిణ భారత శాసనాల ఐదో సంపుటం దింపుకోండి. ముఖలింగం, శ్రీకూర్మం శాసనాల పాఠాలు అందులో ఉన్నాయి. మీ ఫొటోను ఆ పాఠంతో వరసవరసా పోల్చి సంఖ్య రాస్తే మీ పేజీ పరిశోధకులకూ పనికొస్తుంది.

గూగుల్లో మాటలను కొటేషన్లలో పెడితే ఆ వరుసలోనే వెతుకుతుంది. ఫైల్‌టైప్, కోలన్, పీడీఎఫ్ అని చేరిస్తే ప్రకటనల పేజీలు పోయి పుస్తకాలు, నివేదికలు మిగులుతాయి. పాత తెలుగు మాటకు అర్థం కావాలంటే ఆంధ్రభారతి నిఘంటువులు. పక్షుల లెక్కలకు ఈబర్డ్. తేలినీలాపురంలో మీరు చూసిన గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఏ తేదీన ఎన్ని అన్నది అక్కడ నమోదు చెయ్యొచ్చు. మ్యాపుకు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. అందులో లేని గుడిని, దారిని మీరే చేర్చవచ్చు. మంచి ఫొటోలు కొన్ని వికీమీడియా కామన్స్‌కి ఇస్తే తెలుగు వికీపీడియాలో మన ఊళ్ల పేజీల్లోకి చేరతాయి. అయితే అక్కడ పెట్టినది ఎవరైనా, వ్యాపారానికైనా వాడుకోవచ్చు, మీ పేరు వేస్తే చాలు. అది ఇష్టమైన వాటినే ఇవ్వండి. నచ్చిన చిన్న సైట్లకు ఆర్ఎస్ఎస్ ఉంటే ఫీడ్లీ లాంటి రీడరులో చేర్చుకోండి. కొత్తది రాయగానే అదే వచ్చి వాలుతుంది. పెద్ద సెర్చిలకు దొరకని చేతితో చేసిన సైట్లను వెతికిపెట్టేది మార్జినేలియా అని ఒకటుంది. ఇంగ్లిషువే ఎక్కువ, కానీ ఇలాంటి ఇష్టంతో ఎంతమంది ఎంత సాదాగా సైట్లు నడుపుతున్నారో చూస్తే మీకు ధైర్యం వస్తుంది.

పాత పుస్తకాల్లోంచి పేజీలకు పేజీలు ఎత్తి పెట్టే ముందు రచయిత పోయిన సంవత్సరం చూడండి. మన చట్టం ప్రకారం ఆ మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు హక్కు ఉంటుంది. 1915లో పోయిన గురజాడ, 1940లో పోయిన గిడుగు రచనలు ఎవరైనా వాడుకోవచ్చు. నిన్నటి పరిశోధకుడి వ్యాసం అలా కాదు. రెండు వాక్యాలు ఉదహరించి పేరు చెప్పండి.

ఇక పొలాల్లోని విగ్రహాలు. ఇది మీరు అడిగినందుకు సంతోషం, చాలామంది అడగకుండానే పెట్టేస్తారు. గుడిలో ఉన్నదానికి కాపలా ఉంటుంది. గట్టు మీద వేపచెట్టు కింద ఉన్నదానికి ఎవరూ ఉండరు. నిధుల కోసం తవ్వేవాళ్లు, విగ్రహాలు ఎత్తుకుపోయేవాళ్లు మనలాగే నెట్ చూస్తారు. కాబట్టి ఫొటో పెట్టండి, కొలతలు రాయండి, మండలం పేరు వరకు చెప్పండి. ఊరు, దారి, సర్వే నంబరు, మ్యాపు చుక్క వద్దు. ఆ వివరాలన్నీ మీ దగ్గర వేరే ఫైల్లో ఉంచి, ఒక కాపీ పురావస్తు శాఖకు రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. ఈ ఫైలును గిట్‌హబ్‌లోకి పొరపాటున కూడా ఎక్కించకండి, అక్కడ తుడిచినా పాత ప్రతి చరిత్రలో ఉండిపోతుంది. అప్‌లోడ్ చేసే ముందు ఒక్కో ఫొటోను పెద్దది చేసి వెనకాల ఏముందో చూడండి. విగ్రహం వెనక దూరంగా నీళ్ల ట్యాంకు కనిపిస్తే దాని మీద ఊరి పేరు రాసి ఉంటుంది, ఆ ముక్క కత్తిరించండి.